ముప్పై ఏళ్ళ కంచె

మా తమ్ముడు ఫెర్మిన్‌కు నాతో పని పడితే ముందు నా చెట్లను పొగుడుతాడు. ఆ పొగడ్త చెవిన పడగానే నేను చెప్పులు వేసుకుని కొండెక్కేసి ఉండాల్సింది. కుర్చీ వేసి కాఫీ పెట్టాను. అదీ నా తెలివి.

ఆగస్టు నెల. మేకలు కూడా నీడ వదిలి కదలని రోజులు. వాడు ట్రక్కు దిగి, టోపీ తీసి, నా జెముడు స్తంభాల కింద నిలబడి పైకి చూస్తూ, అమ్మ ఉండి ఉంటే ఎంత మురిసిపోయేదో అన్నాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ వాడు వీటి వంక చూసిన పాపాన పోలేదు. చిన్నప్పుడు వీటికి గాడిదను కట్టేసి, అది కొమ్మ విరగ్గొడితే ఆ నేరం నా మీదికి తోసి, నేను తన్నులు తింటుంటే పక్కన నిలబడి ఖర్జూరాలు తిన్న మహానుభావుడు. కాఫీ సగం తాగాక అసలు సంగతి బయటపెట్టాడు. అక్టోబరులో కూతురికి పదిహేనేళ్ళు నిండుతాయి. మా వైపు ఆడపిల్లకు అది పెళ్ళంత పండగ. ఊరంతా వస్తుంది. పెరట్లో వరసగా ఈ స్తంభాలు నిలబెడితే ఆ అందమే వేరు. ఇరవై కొమ్మలు కావాలి.

"రెండు నిలువుల ఎత్తువి ఇవ్వన్నా. పొట్టివి పెడితే జనం నవ్వుతారు" అన్నాడు.

నేను పొంగిపోయాను. దాచుకోవడం దేనికి, నిజంగానే పొంగిపోయాను. అరవై రెండేళ్ళ మనిషిని. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఊరి సభలో వాటా లేదు. నా దగ్గర ఉన్నవి ఆ చెట్లే, వాటిని కావాలని ఒకడు ఇంటికొచ్చి అడిగాడు. ఆ ఒకడు ఫెర్మిన్ అన్న సంగతి నాకు ఆ క్షణాన అడ్డు రాలేదు.

మా వైపు ముళ్ళ జెముళ్ళకు కరువేమీ లేదు. ఇది వేరు. మా తాత ఎల్ ఆర్కో దగ్గరి ఎడారి నుంచి ఒక్క కొమ్మను గోనెలో చుట్టి కంచరగాడిద మీద తెచ్చాడు. దీనికి ముల్లు లేదు. ఒళ్ళంతా గడ్డలు గడ్డలుగా, కరిగి గట్టిపడ్డ కొవ్వొత్తిలా ఉంటుంది. చెయ్యి వేసి నిమరొచ్చు. ఎప్పుడో ఒక పువ్వు పూస్తుంది కానీ కాయ కట్టదు, గింజ పెట్టదు. మనిషి నరికి నాటితేనే ఇంకొకటి లేస్తుంది. మా ఊరు మెస్కితాల్‌లో ఎవరి గుమ్మంలో నున్న జెముడు కనిపించినా అది మా తాత తెచ్చిన ఆ ఒక్క కొమ్మే. ఏడాదికి అర జానెడు పెరుగుతుంది, అదీ మంచి ఏడాదైతే. ఈ లెక్క మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. కొత్త ఇల్లు కట్టినవాడు గుమ్మం పక్కన మూరెడు ముక్క ఒకటి నాటుతాడు. ఇంటి వయసెంత అని అడిగితే గోడ చూపించడు, చెట్టు చూపిస్తాడు. పొలం గట్టు తగాదా వచ్చినా అంతే. కంచెలో చెట్టు ఎత్తు కొలుస్తారు, ఏళ్ళు లెక్కేస్తారు, తగాదా తీరిపోతుంది.

ఎవరూ మూరెడు ముక్కకు మించి నాటరు. పొడుగు కొమ్మ నరికి నాటితే నూటికి తొంభై కుళ్ళిపోతుంది. దాన్ని బతికించే ఓపిక మా అమ్మకు ఉండేది. తర్వాత నాకు వచ్చింది. ఇంకెవరికీ రాలేదు.

నరకడానికి ముందే ప్రతి కొమ్మకూ దక్షిణం వైపు సున్నంతో బొట్టు పెట్టాలి. ఏళ్ళ తరబడి ఎండకు నిలబడ్డ వైపు తోలు మొద్దుబారి ఉంటుంది. వెనక వైపు పసిపిల్ల ఒళ్ళే. తిప్పి నాటితే ఆ లేత వైపు ఎండకు కాలి పసుపు తిరుగుతుంది, ఆ మచ్చ మళ్ళీ పోదు. అందుకని బొట్టు మళ్ళీ దక్షిణానికే ఉండాలి. నరికిన మొదలుకు బూడిద అద్ది, పందిరి నీడలో పడుకోబెట్టి, వారానికోసారి దొర్లిస్తూ ఆరు వారాలు ఆరబెట్టాలి. గాయం చెప్పు అట్టలా గట్టిపడ్డాక మట్టిలో పెట్టి, ఒరగకుండా కర్రలు ఊతంగా కట్టి, నెల దాకా నీటి చుక్క చూపించకూడదు. ఇదంతా ఫెర్మిన్‌కు పూస గుచ్చినట్టు చెప్పాను. పాదిరీగారి ప్రసంగం విన్నట్టు తల ఊపాడు.

ఇరవై కొమ్మలూ నేనే నరికాను. తాళ్ళు కట్టి ఒక్కొక్కటే దించాను, ఒక్కదానికి గీత పడలేదు. ఆరు వారాలు పిల్లల్ని దొర్లించినట్టు దొర్లించాను. నాటేరోజు నేనే వస్తానన్నాను కూడా. సరిగ్గా ఆ రోజు ఫెర్మిన్‌కు నా మీద నమ్మకం పుట్టుకొచ్చింది. సాంతా రొసాలియాలో పిల్ల గౌను కుట్టడం అయిపోయిందట, అంత ఖరీదైన బట్టను తేవడానికి నాకంటే నమ్మకస్తుడు లేడట. బస్సెక్కాను. వెళ్ళడానికో రోజు, రావడానికో రోజు. గౌను ఒళ్ళో పెట్టుకుని, నలక్కుండా కాళ్ళు కూడా చాపుకోకుండా తెచ్చాను.

వచ్చి చూస్తే పెరట్లో ఒక్క స్తంభం లేదు. చోటు చాలలేదన్నా, బావి దగ్గర వేశాం, ఫోటోలు అక్కడ బాగా వస్తాయి అన్నాడు ఫెర్మిన్.

బావి చాయోది. చాయో అంటే రొసారియో, నా స్నేహితుడు నబోర్ పెళ్ళాం. నబోర్ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె పొలం, ఫెర్మిన్ పొలం పక్కపక్కనే. మధ్య హద్దుకు సున్నం కొట్టిన రాళ్ళ కుప్పలు ఉండేవి. ఆ బావిని నబోర్ ఇరవై రెండేళ్ళ కిందట రెండు వేసవులు గడ్డపారతో తవ్వాడు. కింద వాడు తవ్వుతుంటే పైన తాడు పట్టుకున్నది నేను. చాయోకు నలభై మేకలు. వాటి పాలతో చీజు చేసి అమ్ముకుంటుంది. జూన్ వచ్చిందంటే మేకల్ని చెల్లెలి దగ్గర వదిలి ఉత్తరాన టమాటా తోటల్లో కూలికి పోతుంది, నవంబరులో వస్తుంది. ఆమె ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆదివారం నా తిండి వాళ్ళింట్లోనే. ఎండు మాంసం, గోధుమ రొట్టెలు, చీజు, దాంతోపాటు నోటికొచ్చిన వెక్కిరింతలు. నా చెట్లకు పిండి పురుగు పడితే సారాయిలో ముంచిన గుడ్డతో తుడుస్తాను. అది చూసిన రోజు నుంచీ నన్ను వదల్లేదు: మగాళ్ళందరూ తాగి పడిపోతుంటే, నువ్వొక్కడివే చెట్లకు తాగించి నిలబెడుతున్నావు తాచో, అనేది. ఆమెను నేను ఏమీ అడగలేదు ఎప్పుడూ. అడిగితే ఆ ఆదివారాలు కూడా పోతాయేమోనని భయం.

బావి దగ్గరికి వెళ్ళి చూశాను. ఇరవై స్తంభాలూ ఒకే వరసలో, బావికి అవతల పక్క, చాయో పొలంలోకి బాగా జరిగి నిలబడి ఉన్నాయి. రాళ్ళ కుప్పలు లేవు. బావి ఇప్పుడు ఫెర్మిన్ వైపు ఉంది.

నాకు మొదట కోపమొచ్చింది దేనికో చెప్తాను, వినండి. సున్నం బొట్లు చూసి. ఒకటి తూర్పుకు, ఒకటి ఉత్తరానికి, ఒకటి ఎటో. ఒక్కటంటే ఒక్కటి దక్షిణానికి లేదు. పైగా ఒరగకుండా ఉండాలని మూరెడు లోతుకు పాతి చుట్టూ రాళ్ళు కూరారు. చెట్లను చంపడానికి నాటారా అని ఒళ్ళు మండిపోయింది. బావి సంగతి ఆ తర్వాత తట్టింది. నబోర్‌కు తాడు పట్టిన చేతులివి, మరి.

ఫెర్మిన్‌ను అడిగాను. బావినెవడూ ఎత్తుకుపోడు, చాయో అక్క రానీ, మేం మేం మాట్లాడుకుంటాం అన్నాడు. సరేనని ఊరుకున్నాను. పండగలో ఆ స్తంభాల ముందు పిల్లతో ఫోటో కూడా దిగాను, పళ్ళికిలిస్తూ.

నవంబరులో చాయో వచ్చింది. ఫెర్మిన్ దగ్గరికి పోలేదు, నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఎండకు నల్లబడి, టమాటా ఆకుల మరకలు ఇంకా వదలని చేతులతో అరుగు మీద కూర్చుంది. మీ తమ్ముడు నా బావిని మింగేశాడు, చూశావా, అంది. చూశానన్నాను. అవి నువ్వు నరికినవే కదా అంది. పిల్ల పండగకని అడిగాడన్నాను.

"ముందు చెట్లను పొగిడుంటాడు" అంది.

నేను నేల చూపులు చూశాను. ఆమె నవ్వింది. నా మీద ఇసుమంత కోపం లేదు ఆమెకు. నన్ను తిట్టి ఉంటే ఆ రోజే ఏదో ఒకటి తేలిపోయేదని ఇప్పటికీ అనుకుంటాను. కాఫీ తాగి, జనవరిలో ఎలాగూ గవర్నమెంటువాళ్ళు కొలతలకు వస్తున్నారు కదా, సభలో తేల్చుకుంటానంది. లేచి వెళ్తూ, నువ్వున్నావుగా, నాకేం భయం అంది.

ఆ ఏడు ఊరి ఉమ్మడి భూములన్నీ కొలిచి ఎవరి వాటాకు వాళ్ళకు కాగితాలు ఇస్తున్నారు. హద్దు ఎక్కడో సభ ఒప్పుకోవాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి, అప్పుడు ఇంజనీరు గీత గీస్తాడు. ఆ ఏడు అధ్యక్షుడు ఫెర్మిన్. ఊళ్ళో ప్రతివాడి కాగితమూ వాడి సంతకం కోసం కాచుకుని ఉంది. కంచె మొన్న లేచిందని పండగకు వచ్చిన ఊరంతటికీ తెలుసు, అందులో సభలో నోరు విప్పే హక్కున్న వాటాదార్లు ఓ పదిహేను మంది ఉంటారు. ఆ పదిహేను మందీ ఆ నెలంతా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరిగారు. వాళ్ళను అనే మొహం నాకు లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

సభ రోజు పొద్దున్నే ఫెర్మిన్ తీపి రొట్టెలు పట్టుకుని వచ్చాడు. ఈసారి చెట్లను పొగడలేదు. మా తాత కొమ్మ నాటిన చోట, అన్నిటికీ తల్లైన చెట్టు ఉంది. దాని మొదలు పక్కన కూర్చుని, దాని మీద చెయ్యి వేసి మాట్లాడాడు.

నా ఇల్లు, చెట్లు ఉన్న నేల వాడి వాటాలోది. మా చట్టంలో వాటాకు వారసుడిగా ఒక్క పేరే రాయాలి. నాన్న ఫెర్మిన్ పేరు రాశాడు. తాచోకు చెట్లుంటే చాల్లే అన్నాడట. చెట్లు గాల్లో నిలబడతాయనుకున్నాడు కాబోలు.

"ఇవాళ్టి నుంచి ఇది నీదే అన్నా" అన్నాడు ఫెర్మిన్. "ఇల్లూ చెట్లూ కలిపి నీ పేరున విడిగా కొలిపిస్తా. ఇంజనీరుకు చెప్పి ఉంచాను."

"ఊరికేనా?"

"ఎవరైనా అడిగితే ఆ కంచె నాన్న వేశాడను. అంతే."

"వెయ్యలేదు కదరా."

"ఈ కొమ్మలు నాన్న ఉన్నప్పుడు మొలిచినవే కదా. నీ పెరట్లో నిలబడితే ఏంటి, నా పొలంలో నిలబడితే ఏంటి?" రొట్టె తుంచి నోట్లో వేసుకున్నాడు. "నా తర్వాత ఇదంతా నా పిల్లలదవుతుంది అన్నా. వాళ్ళకు వీటి మీద మోజు లేదు. ఇల్లు కట్టుకోవాలంటే ఈ స్తంభాలన్నీ అడ్డమే. నేనుండగానే నీది నీకు చేసి పెడదామని."

బెదిరించలేదు. గొంతు పెంచలేదు. తల్లి చెట్టు మొదలు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. దాని మొదలు ఇద్దరు చేతులు చాపితే గానీ అందదు. కొమ్మల్ని నరికి ఎక్కడైనా నాటుకోవచ్చు, ఆ మొదల్ని పెకలిస్తే చచ్చిపోతుంది. అమ్మ చెయ్యి పడ్డది అదొక్కటే మిగిలింది. వాడు వెళ్ళాక దాని పక్కనే చాలాసేపు కూర్చున్నాను. చాయో గురించి ఆలోచించాలని కూర్చుని, చెట్టు గురించే ఆలోచించాను.

బడి రేకుల కింద సభ జరిగింది. ఇంజనీరు కుర్రవాడు, మర్యాదస్తుడు, పక్షపాతం లేనివాడు. చాయో వంతు వచ్చేసరికి ఆమె బావి తనదని చెప్పింది. ఫెర్మిన్ లేచి, ఆ కంచె మా నాన్న వేసింది, జాలిపడి నబోర్‌ను మా నేలలో బావి తవ్వుకోనిచ్చాడు, ఇన్నేళ్ళూ మేం పల్లెత్తు మాట అనలేదు, కొలతలు వచ్చాయి కాబట్టి చెప్పాల్సి వస్తోంది అన్నాడు. చెప్తూ చెప్తూ కాస్త బాధపడ్డాడు కూడా. చూద్దాం పదండన్నాడు ఇంజనీరు. అందరం నడిచాం.

ఊతం కర్రలు తీసేశారు. సున్నం బొట్లు కడిగేశారు. మొదళ్ళ దగ్గర మేకల పెంట, ఎండు గడ్డి పరిచారు. ఇంజనీరు ఒక స్తంభాన్ని చేత్తో తోసి చూశాడు, కదల్లేదు. టేపు పట్టి కొలిచాడు. మూడు మీటర్ల ముప్పై. ఏడాదికి ఎంత పెరుగుతుందని అడిగాడు. అర జానెడని వెనక నుంచి ఎవరో అన్నారు. ముప్పై ఏళ్ళు. బావి ఇరవై రెండేళ్ళది. కంచె ముందు, బావి తర్వాత. అంతేనా అన్నాడు ఇంజనీరు.

పదిహేను మందీ చెప్పుల వంక చూసుకుంటున్నారు.

"ఇంజనీరు గారూ, నా దగ్గర కాగితం ముక్క లేదు" అంది చాయో. "ఈ చెట్ల సంగతి ఈ మనిషి కంటే తెలిసినోడు ఈ ఎడారిలో లేడు. తాచోను అడగండి. అతనేం చెప్తే అదే నా మాట. నేను దానికి కట్టుబడతాను."

మా సభలో కట్టుబడతానన్న మాటకు తిరుగు లేదు. అది పుస్తకంలోకి ఎక్కుతుంది, దాని మీద పట్నం కోర్టుకు పోయి మొర పెట్టుకునే దారి కూడా ఉండదు. ఆ సంగతి చాయోకు బాగా తెలుసు. తెలిసే అంది. పదిహేను మంది నోళ్ళు మూసుకున్నా ఒక్కడు చాలనుకుంది. అంత నమ్మకం ఎవరి మీద పెట్టుకుందో చూడండి.

అందరూ నా వైపు తిరిగారు. ఫెర్మిన్ కూడా చూశాడు, మెత్తగా, తమ్ముడిలాగా. నేను ఎవరినీ చూడలేదు. ఎదుట ఉన్న స్తంభాన్ని చూశాను. బొట్టు కడిగేసినా ఎటు దక్షిణమో నాకు తెలుసు. లేత వైపు ఎండకు తిరిగి ఉంది. ఆ ఒక్క ముక్క చెప్తే చాలు. ఇంజనీరు చదువుకున్నవాడు, అర్థం చేసుకునేవాడు.

"మా నాన్న వేశాడు. ముప్పై ఏళ్ళయింది" అన్నాను.

గొంతు వణకలేదు. వణికితే కనీసం ఎవడికైనా అనుమానం వచ్చేది.

చాయో నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. నేను మాట తప్పు పలికానేమో, సరిదిద్దుకుంటానేమో అని ఆగినట్టుంది. నేను సరిదిద్దుకోలేదు. ఆమె శాలువ సర్దుకుంది.

"సరే. తాచో చెప్పాడు" అంది. ఇంజనీరు చేతిలో కలం అడిగి తీసుకుని, పుస్తకంలో చూపించిన చోట సంతకం పెట్టింది.

ఫెర్మిన్‌కు గెలిచినవాడి దయ పొంగుకొచ్చింది. మనుషులం కదా అక్కా, నీళ్ళు కావాల్సినప్పుడు అడిగి తోడుకో అన్నాడు అందరి ముందు. నా కాగితం కూడా ఆ సాయంత్రమే తయారైంది. వాడు మాట తప్పలేదు, ఆ గుణం వాడికి ఉంది. తాచో అని కాదు, నా అసలు పేరే రాశారు: అనస్తాసియో కోటా, ఇల్లు, తోట, ఎనిమిది వందల నలభై చదరపు మీటర్లు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మంచం కింద దాచాను. నెలకోసారి కూడా నీళ్ళు అడగని చెట్లకోసం ఒక మనిషి నీళ్ళు అమ్ముకున్నాను. ఇలా చెప్పుకుంటే నాకేమీ తేలిక కాదు, అయినా ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఆ ఆదివారం నేను వెళ్ళలేదు. తర్వాతి ఆదివారం కూడా వెళ్ళలేదు. ఆమె పిలవలేదు. ఇంట్లో ఒక్కడినే బీన్సు ఉడకబెట్టుకుని తిన్నాను. చాయో బావి వైపు రాలేదు. బడి దగ్గరి కుళాయి నుంచి గాడిద మీద పీపాలు మోసుకుపోతోందని విన్నాను. నలభై మేకలకు అది ఏ మూలకు? ఫిబ్రవరిలో పది అమ్మింది. మార్చిలో ఇంకో పన్నెండు. చీజు మానేసిందన్నారు.

ఏప్రిల్ వచ్చాక ఎండ ముదిరింది. కంచెలో స్తంభాలు పసుపు తిరగడం మొదలుపెట్టాయి. ముందు రెండు, వారం తిరిగేసరికి పద్నాలుగు. లేత వైపు కాలి, పసుపు మీద గోధుమ రంగు పెచ్చులు కట్టాయి. దారిన పోయే ప్రతివాడికీ కనిపిస్తున్నాయి. ముప్పై ఏళ్ళు ఒకే చోట నిలబడ్డ చెట్టుకు కొత్తగా ఎండ దెబ్బ ఎందుకు తగులుతుందో మా ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఇంజనీరు ఎప్పుడో వెళ్ళిపోయాడు. కాగితాలు అందరికీ అందాయి. అందుకని నోళ్ళు కాస్త లేచాయి. కొట్లో ఉప్పు కొంటుంటే ఒకడు, అన్నేళ్ళూ నీడలో నిలబడ్డాయా తాచో ఆ చెట్లు, పాపం, ఇప్పుడే ఎండ తగిలినట్టుంది, అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఆ నవ్విన వాళ్ళలో పదిహేను మందిలో వాళ్ళు నలుగురున్నారు. నేను ఉప్పు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఫెర్మిన్ కబురు పెట్టాడు. చెట్లు చచ్చిపోయేలా ఉన్నాయి, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు, వచ్చి ఏదో ఒకటి చెయ్యన్నా అని. పోకూడదనుకున్నాను. రెండు రోజులు పోలేదు కూడా. మూడో రోజు గోనె సంచులు, పురికొస తీసుకుని వెళ్ళాను. చెట్టు కాలుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. మనిషి విషయంలో చేతనైంది.

కాలిన వైపుకు గోనె పట్టా చుట్టి కట్టాలి. గాలి ఆడేలా వదులుగా ఉండాలి, లేకపోతే లోపల ఉడికిపోతుంది. నిచ్చెన వేసుకుని ఒక్కొక్కటే కడుతున్నాను. పదమూడు అయ్యాయి. అప్పుడు చాయో వచ్చింది. రెండు చేతుల్లో రెండు ఖాళీ బకెట్లు. బడి కుళాయి ఆ వారం ఎండిపోయింది. ఆమె వెనక దూరంగా మేకలు నిలబడి ఉన్నాయి. ఎన్నో లెక్కపెట్టాల్సిన పని లేదు, చూపుకే తెలుస్తోంది. ఏడో ఎనిమిదో.

కంచె దాటి రాలేదు. తన పొలంలో, స్తంభాలకు అవతల నిలబడింది. నేను నిచ్చెన మీద ఉన్నాను కాబట్టి తలెత్తి మాట్లాడాల్సి వచ్చింది.

"అనస్తాసియో గారూ, రెండు బకెట్లు తోడుకోవచ్చాండీ?"

పెళ్ళై నబోర్ ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆమె నన్ను గారూ అనలేదు. వెక్కిరించడానికీ అనలేదు. ఇప్పుడూ వెక్కిరింపు లేదు. పరాయి ఊళ్ళో పరాయి ఇంటి గుమ్మం ముందు నిలబడి అడిగినట్టు అడిగింది.

నీ బావే కదా చాయో, నన్ను అడుగుతావేమిటి అనొచ్చు. దిగి వెళ్ళి తాడు పట్టుకుని నేనే తోడి పెట్టొచ్చు. కాళ్ళ మీద పడొచ్చు. ఇవన్నీ నాకు తట్టాయి, తట్టలేదని చెప్పను. కానీ నా తల ముందు ఫెర్మిన్ ఇంటి వైపు తిరిగింది, వాడి ట్రక్కు ఉందా లేదా అని. లేదు.

"తోడుకో" అన్నాను.

అదెలా అన్నానంటే, ఇచ్చేవాడు అన్నట్టే అన్నాను.

ఆమె రెండు స్తంభాల మధ్య సందులోంచి పక్కకు తిరిగి ఇవతలికి వచ్చింది. నబోర్ వేసిన గిలక కిర్రుమంది. రెండు బకెట్లు తోడింది. బావి నిండా నీళ్ళున్నాయి, వెనక మేకలు అరుస్తున్నాయి, మూడోది తోడలేదు. బకెట్లు ఎత్తుకుని అదే సందులోంచి, చెట్లకు తగలకుండా జాగ్రత్తగా అవతలికి దాటింది. దాటాక ఆగింది.

"దేవుడు మీకు మేలు చెయ్యాలండీ" అంది.

దానం పుచ్చుకున్నవాళ్ళు మా వైపు అనే మాట అది. ఆమె మేకల దగ్గరికి వెళ్ళేదాకా చూశాను. ఇంకా ఏడు చెట్లు మిగిలాయి. సాయంత్రం లోపల వాటికీ గోనెలు కట్టేశాను.